ఒక్క గోలు తేడా: ఫిన్లాండ్ జూనియర్ ఐస్ హాకీకి యాభై ఏళ్లు

2014లో స్వీడన్, 2016లో రష్యా, 2019లో అమెరికా. ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఫిన్లాండ్ ఓడించిన జట్లు ఇవి. చిత్రమేమిటంటే, ఆ మూడుసార్లూ అంతకు కొద్ది రోజుల ముందు గ్రూపు దశలో ఫిన్లాండ్‌ను ఓడించినవి కూడా ఈ జట్లే. ఒకసారి జరిగితే అదృష్టం అనుకుంటాం. ఆరేళ్లలో మూడుసార్లు, ముగ్గురు వేర్వేరు ప్రత్యర్థుల మీద జరిగిందంటే దాని వెనక ఏదో ఉండి ఉండాలి. అదేమిటో తేల్చుకోవడానికి పతకాల పట్టిక చాలదు. ఆ జట్టు యాభై ఏళ్ల ప్రయాణమంతా ఒకసారి తిరగెయ్యాలి.

ముందు టోర్నీ సంగతి. ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్లకు ఏటా జరిగే పోటీ ఇది. 1974 నుంచి మూడేళ్లు అనధికారికంగా సాగింది. 1977 నుంచి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయింది. మామూలుగా క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి మొదటి వారంలో ముగుస్తుంది. కెనడాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు దీన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు, ఆ సెలవుల్లో అక్కడ టీవీ పెడితే కనిపించేది ఇదే. పది జట్లు, అయిదేసి చొప్పున రెండు గ్రూపులు. ఒక్కో గ్రూపు నుంచి నాలుగేసి జట్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. అట్టడుగున మిగిలిన రెండూ కింది డివిజన్‌కు జారిపోకుండా తమలో తాము తేల్చుకుంటాయి.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ 2025 టోర్నీ వరకు. అప్పటికి ఫిన్లాండ్‌కు 5 స్వర్ణాలు, 6 రజతాలు, 7 కాంస్యాలు. కెనడాకు 20 స్వర్ణాలున్నాయి కదా, దాని ముందు ఇదెంత అనిపించవచ్చు. కానీ ఫిన్లాండ్ జనాభా 55 లక్షల చిల్లర. హైదరాబాద్ మహానగరంలో ఉన్నంత మంది కూడా ఆ దేశం మొత్తం మీద లేరు. పక్కనే ఉన్న స్వీడన్ జనాభా దాదాపు రెట్టింపు, హాకీ సంప్రదాయమూ అంతే లోతైనది. ఆ స్వీడన్‌కు 2025 వరకు దక్కినవి రెండే స్వర్ణాలు, 1981లో ఒకటి, 2012లో ఒకటి. పోల్చదలిస్తే ఈ రెండు దేశాలనే పోల్చాలి. ఆ పోలిక దగ్గరికి మళ్లీ వస్తాను.

తొలి పదేళ్లలో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్ నీడలో రెండో స్థానానికి పోటీపడే జట్టు. 1974లో లెనిన్‌గ్రాడ్‌లో జరిగిన మొదటి అనధికార టోర్నీలోనే సోవియట్ల తర్వాతి స్థానం దానిది. 1980లో హెల్సింకీలో అదే వరుస: సోవియట్లకు స్వర్ణం, ఆతిథ్య జట్టుకు రజతం. ఆ జట్టులో యారి కుర్రి ఉన్నాడు. తర్వాత ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ తరఫున వేన్ గ్రెట్‌స్కీ పక్కన ఆడిన, ఆ లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్‌ను అయిదుసార్లు గెలిచిన కుర్రి ఇతనే. 1981లో మళ్లీ రజతం, 1982లో కాంస్యం, 1984లో మళ్లీ రజతం. 1984లో రైమో హెల్మినెన్ ఏడు మ్యాచుల్లో 24 పాయింట్లు చేశాడు. హాకీలో గోలు కొట్టినా, గోలుకు పాస్ అందించినా ఒక పాయింటు లెక్క. 1993లో స్వీడన్ ఆటగాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ 31 చేసేదాకా హెల్మినెన్‌ను దాటినవాళ్లు లేరు. అంత ఆట ఆడినా స్వర్ణం దక్కలేదు. 1984 నాటి పద్ధతిలో ఎనిమిది జట్లూ ఒకదానితో ఒకటి ఆడేవి, మొత్తం పాయింట్లను బట్టి స్థానాలు నిర్ణయించేవారు. ఫైనల్ అనే మ్యాచే ఉండేది కాదు. అలాంటి పద్ధతిలో గెలవాలంటే వరుసగా ఏడు మ్యాచులూ బాగా ఆడాలి. బెంచీ నిండా సమానమైన ఆటగాళ్లున్న పెద్ద దేశానికే అది అనుకూలం.

అయినా ఫిన్లాండ్ తొలి స్వర్ణం ఆ పద్ధతిలోనే వచ్చింది, 1987లో. దాని చుట్టూ ఇప్పటికీ వివాదం ఉంది. చెకొస్లొవేకియాలోని పియెష్ట్యానీ పట్టణంలో జనవరి 4న కెనడా, సోవియట్ జట్లు చివరి మ్యాచ్ ఆడుతున్నాయి. కెనడా అయిదు గోళ్ల తేడాతో గెలిస్తే స్వర్ణం దానిది. సోవియట్లకు అప్పటికే ఏ పతకం మీదా ఆశ లేదు. రెండో పీరియడ్‌లో కెనడా 4-2 ఆధిక్యంలో ఉండగా ఇద్దరి మధ్య మొదలైన గొడవ రెండు బెంచీలకూ పాకింది. ఆటగాళ్లంతా మంచు మీదికి దూకి కొట్టుకున్నారు. రిఫరీలు ఆపలేక తప్పుకున్నారు. ఆఖరికి స్టేడియంలో దీపాలు ఆర్పేశారు. చీకట్లో కూడా కొట్లాట ఆగలేదు. రెండు జట్లనూ టోర్నీ నుంచి బహిష్కరించారు, స్వర్ణం ఫిన్లాండ్‌కు వచ్చింది.

ఆ స్వర్ణాన్ని అప్పనంగా వచ్చినదిగా చూసేవాళ్లు, ముఖ్యంగా కెనడాలో, ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట అన్యాయం. కొట్లాట మొదలయ్యే సమయానికి పట్టికలో పైన ఉన్నది ఫిన్లాండే. ఏడు మ్యాచుల్లో 11 పాయింట్లు సంపాదించింది, కెనడాతో ఆడిన మ్యాచ్ 6-6 డ్రా చేసుకుంది. అయిదు గోళ్లు కావలసిన కెనడా సగం ఆట గడిచాక కూడా రెండు గోళ్ల ముందంజలోనే ఉంది. ఆ మ్యాచ్ పూర్తయితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ కోచ్ హన్ను యోర్టిక్కా జట్టు గెలిచిన మ్యాచులు వాళ్లు ఆడి గెలిచినవే. టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి కూడా ఫిన్లాండ్ కుర్రాడు మార్కుస్ కెట్టెరెర్‌దే. పక్కింటి గొడవను వాళ్ల ఖాతాలో రాయడం న్యాయం కాదు.

1988లో మాస్కోలో కాంస్యం వచ్చింది. ఆ తర్వాత వరుసగా తొమ్మిది టోర్నీల్లో ఒక్క పతకమూ లేదు. ఈ తొమ్మిదేళ్లను నేను చప్పున దాటెయ్యలేను, ఎందుకంటే జూనియర్ రికార్డును ఎలా చదవకూడదో ఈ కాలమే నేర్పుతుంది. 1989లో తేము సెలాన్నె ఆడాడు, జట్టు ఆరో స్థానంలో నిలిచింది. 1993, 1994ల్లో సాకు కొయివు ఆడాడు, వరుసగా అయిదు, నాలుగు స్థానాలు. ఫిన్లాండ్ హాకీ చరిత్రలో అతి పెద్ద పేర్లలో ఇవి రెండు. 1995లో ఫిన్లాండ్ సీనియర్ జట్టు స్టాక్‌హోంలో తొలిసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. అందులో కొయివు ముఖ్యుడు. అంటే జూనియర్ పతకాలు లేని కాలంలోనే దేశం తన అత్యుత్తమ తరాన్ని తయారు చేసుకుంటోంది. ఫలితాల పట్టిక మాత్రం అప్పుడు నాలుగు, అయిదు, ఆరు అనే చెబుతోంది.

1996లో టోర్నీ పద్ధతి మారింది. గ్రూపు దశ తర్వాత నాకౌట్ పెట్టారు. ఫిన్లాండ్ చరిత్రలో అసలు మలుపు ఏ ఆటగాడూ కాదు, ఏ కోచూ కాదు, ఈ నిబంధనే అని నా నమ్మకం. లెక్క చూడండి. 1977 నుంచి 1995 వరకు 19 టోర్నీల్లో ఆరు పతకాలు, ఒక్కటే స్వర్ణం. 1996 నుంచి 2025 వరకు 30 టోర్నీల్లో పన్నెండు పతకాలు, నాలుగు స్వర్ణాలు. పతకాలు వచ్చే వేగం కొద్దిగానే పెరిగింది. స్వర్ణాల వాటా మాత్రం బాగా పెరిగింది. సోవియట్ యూనియన్ విడిపోవడం కూడా ఇందుకు కొంత కారణం, ఆ మాట దాచకూడదు. కానీ సోవియట్లు పోయినంత మాత్రాన స్వీడన్‌కు స్వర్ణాలు రాలేదు కదా.

1998లో హెల్సింకీలో రష్యాతో ఫైనల్. 1-1తో ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. నిక్లాస్ హాగ్మన్ గోలు కొట్టాడు. అతని తండ్రి మట్టి హాగ్మన్ 1976లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున ఆడి, ఫిన్లాండ్‌లో ఆట నేర్చుకుని ఎన్‌హెచ్‌ఎల్ చేరిన తొలి ఆటగాడయ్యాడు. ఆ జట్టు కోచ్ హన్ను కపానెన్. పద్దెనిమిదేళ్ల తర్వాత అదే హెల్సింకీలో, అదే రష్యా మీద, మళ్లీ ఓవర్‌టైమ్‌లో గెలుపు గోలు కొట్టినవాడు కాస్పెరి కపానెన్, ఈ హన్నుకు మనవడు. తాత కోచ్‌గా ఒక స్వర్ణం, మనవడు కర్రతో ఒక స్వర్ణం. చిన్న దేశంలో ఆట కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

2001లో ఫైనల్లో చెక్ జట్టు చేతిలో 2-1 ఓటమి. 2002, 2003, 2004, 2006ల్లో కాంస్యాలు. 2006లో తుక్కా రాస్క్ ఉత్తమ గోల్‌కీపర్. ఆ తర్వాత 2013 వరకు మళ్లీ ఏడేళ్ల కరువు.

ఆ కరువు కాలంలో ఫిన్లాండ్ హాకీ సమాఖ్య తన శిక్షణ తీరునే మార్చుకుంది. అంతకుముందు చిన్న వయసు నుంచే జట్టు వ్యూహం, స్థానం వదలకుండా ఆడటం, గోలు ఇవ్వకుండా కాచుకోవడం మీద దృష్టి ఉండేది. గోల్‌కీపర్లూ డిఫెండర్లూ బాగా తయారయ్యేవారు, పక్‌ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల)తో ప్రత్యర్థిని దాటుకుపోయే ఫార్వర్డులు తగ్గారు. అందుకని సమాఖ్య తన ఖర్చుతో నైపుణ్య కోచ్‌లను క్లబ్బులకు పంపింది. జట్టు గెలుపు కన్నా ఒక్కొక్క కుర్రాడి ఎదుగుదల ముఖ్యమన్నారు. దీనికి తోడు అక్కడ ముందునుంచీ ఉన్న మరో సదుపాయం: పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు దేశపు అత్యున్నత లీగ్ అయిన లీగాలో పెద్దవాళ్లతో ఆడతారు. కెనడా కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ వయసులో తమ ఈడువాళ్లతోనే ఆడుతుంటారు. గోళ్లు తక్కువ పడే, బలమైన దేహాల మధ్య సందు వెతుక్కోవాల్సిన మ్యాచులు ఫిన్లాండ్ కుర్రాడికి జనవరి నాకౌట్ నాటికి కొత్త కావు.

మారిన శిక్షణకు ఫలితం వెంటనే కనిపించలేదు. రష్యాలోని ఉఫాలో 2013 టోర్నీకి వెళ్లిన జట్టులో అలెగ్జాండర్ బర్కోవ్ ఉన్నాడు. ఫ్లోరిడా పాంథర్స్ కెప్టెన్‌గా 2024, 2025ల్లో స్టాన్లీ కప్ ఎత్తిన బర్కోవే. అంతటివాడున్నా జట్టు ఏడో స్థానంలో నిలిచింది. ఏడాది తిరిగేసరికి బర్కోవ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు. అతను లేకుండానే ఫిన్లాండ్ స్వీడన్‌లోని మాల్మోలో స్వర్ణం గెలిచింది. సెమీఫైనల్లో కెనడాను 5-1తో చిత్తు చేసింది. ఫైనల్లో స్వీడన్ సొంత ప్రేక్షకుల ముందు రాస్ముస్ రిస్తోలైనెన్ ఓవర్‌టైమ్ గోలుతో 3-2 గెలుపు. టోర్నీలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, 15, ఫిన్లాండ్ కెప్టెన్ టెవువో తెరవైనెన్‌వి.

2016 జట్టు ఈ మొత్తం చరిత్రలో అత్యంత ప్రతిభావంతమైనదని నా అభిప్రాయం. కెప్టెన్ మిక్కో రంటానెన్. ముందు వరుసలో సెబాస్టియన్ అహో, అతనికి అటూ ఇటూ పదిహేడేళ్ల కుర్రాళ్లు పాట్రిక్ లైనె, యెస్సె పుల్యుయార్వి. పుల్యుయార్వి 17 పాయింట్లతో టోర్నీ అత్యుత్తమ ఆటగాడు. క్వార్టర్ ఫైనల్లో కెనడాతో 6-5, సెమీస్‌లో స్వీడన్‌తో 2-1. ఒకటి గోళ్ల వాన, రెండోది గోలు పుట్టడమే కష్టమైన ఆట. రెండు రకాల మ్యాచులూ గెలవగలిగిన జట్టు అది. ఫైనల్లో 3-2 ఆధిక్యంలో ఉండగా, ఇంకా ఆరు సెకన్లు ఉన్నాయనగా రష్యా సమం చేసింది. అలాంటి దెబ్బ తిన్నాక చాలా జట్లు ఓవర్‌టైమ్‌లో కూలిపోతాయి. ఫిన్లాండ్ కుర్రాళ్లు రెండు నిమిషాలైనా గడవకముందే ముగించారు. కపానెన్ పక్‌తో గోలు వెనక నుంచి చుట్టి వచ్చి, కీపర్ అటు చేరేలోపే లోపలికి నెట్టాడు. కోచ్ యుక్కా యలోనెన్ ఆ తర్వాత 2019, 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లూ 2022 బీజింగ్ ఒలింపిక్ స్వర్ణమూ సీనియర్ జట్టుకు తెచ్చాడు.

మరుసటి ఏడాది ఏమైందో చూడండి. ఛాంపియన్‌గా కెనడా వెళ్లిన జట్టు చెక్, డెన్మార్క్, స్వీడన్ చేతుల్లో వరుసగా మూడు మ్యాచులు ఓడింది. టోర్నీ మధ్యలోనే కోచ్ యుక్కా రౌతకోర్పిని తప్పించి యుస్సి అహోకస్‌కు పగ్గాలిచ్చారు. లాత్వియాతో ఆడి కింది డివిజన్‌కు జారిపోయే గండం గట్టెక్కి తొమ్మిదో స్థానంతో బయటపడ్డారు. కోచ్‌ను తప్పించడం తొందరపాటని అప్పట్లో చాలామంది విమర్శించారు, సరైనదేనని వాదించినవారూ ఉన్నారు. నాకు మాత్రం అసలు కారణం వేరుగా కనిపిస్తుంది. లైనె, పుల్యుయార్వి, అహో ముగ్గురికీ వయసు ప్రకారం ఆ జట్టులో ఆడే అర్హత ఉంది. ముగ్గురూ ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బుల చేతుల్లో ఉన్నారు. కెనడా ఇద్దరు ముగ్గురిని కోల్పోతే వాళ్ల స్థానంలో దాదాపు అంతటివాళ్లే దొరుకుతారు. ఫిన్లాండ్‌కు ఒక్కో పుట్టిన సంవత్సరంలో అంతటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లు పోతే వరుసే పోతుంది. ఏడు నుంచి ఒకటికి, ఒకటి నుంచి తొమ్మిదికి ఈ ఎగుడుదిగుళ్లకు మూలం ఇదే.

తప్పించిన కోచ్ స్థానంలో వచ్చిన అహోకస్ రెండేళ్ల తర్వాత 2019లో వాంకూవర్‌లో స్వర్ణం గెలిపించాడు. అందులో క్వార్టర్ ఫైనల్ ఒక్కటీ వివరంగా చెప్పుకోవాలి. ప్రత్యర్థి కెనడా, మైదానమూ వాళ్లదే. మ్యాచ్ ముగియడానికి నిమిషం కూడా లేదు, ఫిన్లాండ్ 0-1తో వెనకబడి ఉంది. గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి అదనపు ఫార్వర్డును దించారు. అలెక్సీ హెపోనియెమి కొట్టిన పక్ ఎగిరి, దొర్లి లోపలికి పోయింది. ఓవర్‌టైమ్‌లో కెనడాకు పెనాల్టీ షాట్ దొరికింది. గోల్‌కీపర్ ఉక్కో-పెక్కా లూక్కొనెన్ ఆపేశాడు. కాసేపటికి కెనడా డిఫెండర్ నోవా డాబ్సన్ ముందు గోలు ఖాళీగా దొరికింది, కొట్టబోయేసరికి అతని కర్ర విరిగింది. అదే ఊపులో పక్ అటు చివరికి వెళ్లింది, టోని ఉటునెన్ గోలు కొట్టాడు. ఫైనల్లో ఇంకా ఒక నిమిషం ఇరవై ఆరు సెకన్లు ఉండగా పదిహేడేళ్ల కాపో కక్కో అమెరికా మీద 3-2 చేశాడు. గ్రూపులో ఇదే అమెరికా చేతిలో 4-1తో ఓడిన జట్టు ఇది.

ఇక స్వీడన్ సంగతి. 2007 చివర మొదలుపెట్టి 2020 డిసెంబర్‌లో రష్యా అడ్డుకునేదాకా స్వీడన్ గ్రూపు దశలో వరుసగా 54 మ్యాచులు గెలిచింది. జూనియర్ హాకీలో అలాంటిది ఇంకొకటి లేదు. ఆ పదమూడేళ్లలో దానికి దక్కిన స్వర్ణం ఒక్కటి. అదే కాలంలో ఫిన్లాండ్ గ్రూపుల్లో తడబడుతూ, ఒకసారి అట్టడుగుకు చేరుతూనే మూడు స్వర్ణాలు గెలిచింది. బలమైన జట్టు ఏది అంటే స్వీడన్ అనే అంటాను. జనవరి మొదటి వారానికి సిద్ధమై వచ్చే జట్టు ఏది అంటే ఫిన్లాండ్ అంటాను. ఫిన్లాండ్ కోచ్‌లు గ్రూపు మ్యాచులను జోడీలు కుదుర్చుకోవడానికి, గోల్‌కీపర్‌ను తేల్చుకోవడానికి వాడుకుంటారు. ఆడే కొద్దీ జట్టు బిగుస్తుంది. గోళ్లు తక్కువ పడే మ్యాచ్‌లో మంచి గోల్‌కీపర్ విలువ రెట్టింపవుతుంది. నొరోనెన్, రాస్క్, సారోస్, లూక్కొనెన్ వరుస చూస్తే ఆ దేశానికి గోల్‌కీపర్ల కొరత ఎప్పుడూ లేదు.

అయితే ఈ వాదనను నేనే ఒక హద్దులో పెట్టాలి. నాకౌట్ మొదలయ్యాక ఫిన్లాండ్ ఆడిన ఫైనళ్లు ఏడు: 1998, 2001, 2014, 2016, 2019, 2022, 2025. ఏడూ ఒక్క గోలు తేడాతోనే ముగిశాయి. అయిదు ఓవర్‌టైమ్‌లో తేలాయి. నాలుగు గెలిచింది, మూడు ఓడింది. తయారీ, ఓర్పు, గోల్‌కీపర్ జట్టును ఆ చివరి గోలు దాకా తీసుకురాగలవు. ఆ గోలు ఎవరికి పడుతుందో నిర్ణయించలేవు. డాబ్సన్ కర్ర విరగకపోతే 2019 రికార్డులో అయిదో ఆరో అని రాసి ఉండేది.

ఆ అదృష్టపు గీతను రెండోవైపు నుంచి కూడా చూశారు ఫిన్లాండ్ కుర్రాళ్లు. కోవిడ్ వల్ల ఆగస్టుకు వాయిదాపడిన 2022 టోర్నీలో, ఎడ్మంటన్‌లో కెనడాతో ఫైనల్. 0-2 నుంచి 2-2కు తెచ్చారు. ఓవర్‌టైమ్‌లో టోపి నియెమెలా కొట్టిన పక్ గోలు గీత మీద గాల్లో ఉండగా కెనడా కెప్టెన్ మేసన్ మెక్‌టావిష్ కర్రతో పక్కకు కొట్టేశాడు. వెంటనే అటువైపు కెంట్ జాన్సన్ గోలు. 2024లో కాంస్య పతక మ్యాచ్‌లో చెక్ జట్టు మీద 5-2 ఆధిక్యంలో ఉండి 8-5తో ఓడారు. ఇది మాత్రం దురదృష్టం కాదు, డిఫెన్స్ చేతులెత్తేసింది. 2025లో ఒటావాలో గ్రూపు దశలో అమెరికాను ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడించారు. ఫైనల్లో అదే అమెరికాతో 3-1 ఆధిక్యం దాకా వెళ్లి, ఓవర్‌టైమ్‌లో అదే 4-3తో ఓడారు.

2019 తర్వాత స్వర్ణం లేదు కాబట్టి ఫిన్లాండ్ జూనియర్ హాకీ దిగజారిందనే మాట అక్కడి పత్రికల్లోనూ అభిమానుల్లోనూ వినిపిస్తోంది. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో మొదటి అయిదు స్థానాల్లో ముగ్గురు ఫిన్లాండ్ కుర్రాళ్లుండటం, తర్వాతి ఏళ్లలో ఆ జోరు లేకపోవడం వాళ్ల వాదనకు బలం. డ్రాఫ్ట్ గురించి ఆ బెంగలో అర్థముంది, సమాఖ్య దాన్ని తోసిపుచ్చకూడదు. టోర్నీ రికార్డు గురించి మాత్రం నేను ఒప్పుకోను. 2022, 2025 జట్లు ఓవర్‌టైమ్ దాకా వచ్చాయి, 2014, 2016 జట్లూ అక్కడిదాకానే వచ్చాయి. ఆ రెండు రజతాలను నేను 2006 కాంస్యం పక్కన పెట్టను, మాల్మో స్వర్ణం పక్కన పెడతాను.